తాగని కాఫీ

ముసలాయన కాఫీ కప్పు అందుకున్నాడు. తాగకుండా ముందు పెట్టుకున్నాడు.

నవ్వాఫ్ అటు చూడలేదు. హాయిల్ అనే అరబ్బు పట్నంలో అతను కట్టిన కొత్త ఇల్లు అది. మగవాళ్ళ సావడి చుట్టాలతో నిండి ఉంది. వాళ్ళకు రేపటి సంగతి చెబుతున్నాడు.

కొడుకు ధారి జైల్లో ఉన్నాడు. కార్లు నిలిపే చోట మాటా మాటా పెరిగి ఫహీద్ అనే కుర్రవాణ్ణి తోశాడు. తల గట్టుకు తగిలి ఫహీద్ పోయాడు. కోర్టు మరణశిక్ష వేసింది. ఇప్పుడు ఫహీద్ తండ్రి క్షమించానంటేనే ధారి బతుకుతాడు.

ఆ తండ్రిది ఎడారి అంచున పల్లె. కోర్టుకు పెద్దకొడుకును పంపేవాడు. తాను ఎన్నడూ రాలేదు.

రేపు ఆ గడపకే ప్రయాణం.

"ఎన్ని కార్లు బావా?" అన్నాడు బావమరిది ఖలఫ్.

"దొరికినన్ని. ఇంతమంది పెద్దమనుషుల్ని చూసి ఆయన కాదనలేకపోవాలి."

"కాఫీ ఇస్తారుగా. నాకసలే కాఫీ కనబడితే చెయ్యాగదు."

"చెయ్యి కట్టేసుకో. కప్పు కింద పెట్టి కూర్చోవాలి. 'తాగండి, మీరొచ్చిన పని అయినట్టే' అని ఆయన అనేదాకా ఎవరూ ముట్టకూడదు."

"నాకు చెబుతావేం బావా. పగవాడి ఇంట ఒక్క గుక్క దిగిందంటే పగ లేనట్టే."

అప్పుడు నవ్వాఫ్ చూపు ముసలాయన మీద పడింది. మాసిన అంగీ, పాదాలకు ఇసుక. ఎవరి తాలూకో. ఇంటికొచ్చిన మనిషిని పేరు అడగడం వాళ్ళలో లేదు.

"పెద్దాయనా, చల్లారిపోయింది. వేడిది పోయిస్తానుండు."

"నీ ఇల్లు నిండుగా ఉండాలి నాయనా."

కొత్త కప్పూ కిందికే వెళ్ళింది.

"ఖర్జూరం తీసుకో. మొహమాటపడకు."

ముసలాయన ఏదో అనబోయాడు. ఫోన్ మోగింది. నవ్వాఫ్ లేచి బయటికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి ఆ చోటు ఖాళీ.

కాసేపటికి చిన్నాన్న మితిబ్ వచ్చాడు. కూర్చోలేదు.

"ఏరా, ఇప్పుడు వెళ్ళినాయన కాఫీ తాగాడా?"

"లేదు చిన్నాన్నా. చల్లారిందని మళ్ళీ మార్పించాను కూడా."

ఖలఫ్ తల దించుకున్నాడు.

"ఏం పని మీద వచ్చావని అడగలేదా?"

"ఈ హడావిడిలో... ఏదో సాయానికి వచ్చాడనుకున్నా. ఏమన్నాడేం?"

"గేటు దగ్గర నా సలాం అందుకున్నాడు. 'ఇంటావిడను ఒప్పించుకుని వచ్చాను. ఒక్కటి అడిగి, కాఫీ తాగి పోదామనుకున్నాను. ఏం కావాలని నన్నెవరూ అడగలేదు' అన్నాడు. రేపు నిన్ను బయల్దేరవద్దని చెప్పమన్నాడు."

నవ్వాఫ్‌కు కోపం వచ్చింది.

"నా ప్రయాణం ఆపడానికి ఆయనెవరు?"

మితిబ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"పరామర్శకు పోయిన రోజు నేను చూశానురా, ఆయన ఫహీద్ తండ్రి."