రెప్ప వేయకుండా

“నీ కెమెరా నా సంసారాన్ని చెడగొట్టిందన్నా!”

స్టూడియో గడప దాటకుండానే అరిచింది సారమ్మ. నర్సు డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, తెల్ల యూనిఫాంలోనే ఉంది. పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్న ఓబళప్ప కత్తెర పక్కన పెట్టాడు.

పోయిన శుక్రవారం దాకా ఆయన స్టూడియోలో కంప్యూటర్ నెత్తిన గోలీ అంత కెమెరా ఉండేది. గల్ఫ్‌కు మాట్లాడేవాళ్ళు అందులో పొగలో నిలబడ్డట్టు కనిపించేవారు. బొమ్మనహళ్ళిలో పేరున్న ఫోటోగ్రాఫర్‌కు అది నామోషీ కదా! పెళ్ళిళ్ళు తీసే హ్యాండీక్యామ్‌ను వైరుతో కంప్యూటర్‌కు తగిలించి, స్టాండు మీద స్క్రీన్ పక్కన నిలబెట్టాడు. ఆ శుక్రవారం సారమ్మ మాట్లాడినప్పుడు బొమ్మ అద్దంలో చూసినట్టు వచ్చింది. అలా వచ్చినందుకే ఇప్పుడీ గొడవ.

“ఏమైందమ్మా?”

“మస్కట్ నుంచి మా ఆయన రాత్రి ఫోన్ చేసినాడు. పోయిన వారం నా మొహం బాగా కనిపించిందంట. ఆయన దిక్కు చూడకుండా, ఎటో పక్కకు చూస్తా మాట్లాడినానంట. ‘నేనొచ్చేది నీకిష్టం లేదు, అందుకే నా కండ్లలోకి చూడలేకున్నావు. ఇంకో రెండేండ్లు ఇక్కడే పడుంటాలే’ అన్నాడు. రేపు పొద్దున కాంట్రాక్టు మీద సంతకం పెడతాడంట.”

“నువ్వేమన్నావు?”

“ఊరుకుంటానా? ‘మీరు మాత్రం నా దిక్కు చూసినారా? అన్నీ నేలచూపులే కదా’ అన్నా. ఠక్కున కట్ చేసినాడు.” అంతవరకూ ఉన్న కోపం కాస్తా ఏడుపైపోయింది. “నాలుగేండ్లాయనన్నా. ఇంకో రెండేండ్లంటే నావల్ల కాదు.”

“సుమ్నే ఊరికే ఏడవద్దమ్మా, నువ్వు చూసింది స్క్రీన్‌ను. దాంట్లో మీ ఆయన పౌలు ఉండాడు, నిజమే. ఆయనకు నిన్ను చూపించేది మాత్రం ఈ కెమెరా. నువ్వు దీంట్లోకి చూస్తేనే ఆయన్ను చూసినట్టు అక్కడ కనిపిస్తాది.”

“అయితే దాన్ని స్క్రీన్ ముందరే పెట్టు.”

“స్క్రీన్ మూసుకపోతాది.”

“పాతదే పెట్టు మరి.”

“దాంట్లో నీ కండ్లు రెండు చుక్కలమ్మా. ఈ పొద్దు నీ కండ్లే కదా ఆయనకు కావాల్సింది?”

సారమ్మ కెమెరానూ స్క్రీన్‌నూ మార్చి మార్చి చూసింది. “అంటే, నేను చూసినట్టు ఆయనకు కనపడాలంటే, నేను ఆయన్ను చూడకూడదు. అంతేనా?”

“అంతేనమ్మా.” ఆ మాట అనడం ఓబళప్పకే కష్టమైంది. వారమంతా ఈ ఒక్క గంట కోసమే బతికే మనిషి ఆమె.

“సరే, కాల్ పెట్టు,” అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఓబళప్ప లోపలికెళ్ళి భార్య బొట్టుబిళ్ళ ఒకటి తెచ్చి లెన్సుకు సరిగ్గా పైన అంటించాడు. “ఇదే నీ పౌలు. భూమి అదిరినా దీన్ని వదలొద్దు. గడ్డం కొంచెం పైకి... ఆ, అట్ల!”

స్క్రీన్ మీద పౌలు వచ్చాడు.

“సారా...”

“చెప్పండి,” అంది ఆమె బొట్టుబిళ్ళతో.

పక్కనే స్టూలు మీద కూర్చున్న ఓబళప్ప స్క్రీన్ చూసి ఆశ్చర్యపోయాడు. రాత్రి తిన్న చీవాట్లు బాగా పనిచేసినట్టున్నాయి. పౌలు గుడ్లు మిటకరించి ఎదురుగా చూస్తున్నాడు. ‘నిన్నే, నిన్నే చూస్తుండాడు’ అని ఓబళప్ప చేత్తో సైగ చేశాడు. సారమ్మ కళ్ళు నిండాయి. మెడ తనంతట తానే స్క్రీన్ వైపు తిరగబోయింది. ఓబళప్ప గట్టిగా దగ్గాడు. మెడ మళ్ళీ బొట్టుబిళ్ళ దగ్గరికి వచ్చింది.

“సంతకం పెట్టినారా?”

“రేపు.”

“పెట్టొద్దండి. వచ్చేయండి. నాకు మీరు కావాల.”

పరాయి మనిషి ముందు అంత మాట అనగలదని సారమ్మ కూడా అనుకొని ఉండదు. ఓబళప్ప చప్పున ఫ్యాను వైపు చూపు తిప్పుకున్నాడు.

స్పీకర్‌లో పౌలు గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది.

“ఈ పొద్దు నా దిక్కు బాగా చూస్తుండావు సారా. సంతకం పెట్టను. వచ్చే నెలకే వచ్చేస్తా.”

“మీరు కూడా పోయేటప్పుడు ఎట్లుంటిరో అట్లనే ఉండారు. ఏమీ మారలేదు,” అంది సారమ్మ, కెమెరాను ప్రేమగా చూస్తూ.

పౌలు మీసం నున్నగా గీయించేసి ఉంది. ఓబళప్ప నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

కాల్ అయిపోగానే సారమ్మ ఆత్రంగా స్క్రీన్ వైపు తిరిగింది. అప్పటికే అది నల్లగా అయిపోయింది.

“ఎట్లుండాడన్నా మా ఆయన?”

“కొంచెం చిక్కినాడమ్మా. మీసం తీసేసినాడు.”

“మీసమా!” ఏడుస్తూనే నవ్వింది. “నన్ను చూసినాడా?”

“రెప్ప వేయకుండా నిన్నే చూసినాడు.”

సారమ్మ చిన్నపిల్లలా గంతులేస్తూ మెట్లు దిగి వెళ్ళింది. తన కెమెరా చెడగొట్టిన సంసారాన్ని తన కెమెరాతోనే నిలబెట్టానని ఓబళప్పకు మహా గర్వంగా ఉంది. బొట్టుబిళ్ళ పీకుతుండగా స్టూడియో ఫోన్ మోగింది. మస్కట్ నుంచి పౌలు.

“అన్నా, సారా అక్కడే ఉందా?”

“ఇప్పుడే పోయిందప్పా. ఎందుకు?”

“మంచిదాయ. ఆమెకు చెప్పొద్దు.” పౌలు గొంతు తగ్గించాడు. “నావి నేలచూపులని తిట్టింది కదా, అందుకని ఈ పొద్దు మాట్లాడినంతసేపూ ఇక్కడి కెమెరా చుక్కనే చూస్తా కూచున్నా. ఆమెను ఒక్క తూరి కూడా చూడలేదు. ఎట్లుండాదన్నా నా సారా?”