మేత ముట్టని కోడి

కోళ్ల షెడ్డు గుమ్మంలో చెల్లెలి ఫోను మోగింది. మాస్కు కిందికి లాగి, ఊఁ ఊఁ అంటూ విని పెట్టేసింది. ముఖం వాడిపోయింది.

లోపల అన్నయ్య చేతిలో మేత బకెట్టు అలాగే ఆగిపోయింది. ల్యాబు పరీక్షలో బర్డ్ ఫ్లూ అని తేలితే షెడ్డులో ఒక్క కోడినీ మిగల్చరు. ఆ కబురు చెప్పాల్సింది పశువుల డాక్టరైన చెల్లెలే.

"చెప్పెయ్యవే. నాన్చితే బతుకుతాయా ఏంటి?"

"నీ కోళ్లకేం లేదన్నయ్యా. నిక్షేపంలా ఉన్నాయి."

"మరి ఆ ఏడుపు ముఖమేంటే?"

"బర్డ్ ఫ్లూ మీద మనుషుల డాక్టర్లూ మేమూ కలిసి చేస్తున్న పరిశోధన కదా. ఈ ఏడాది ఒక్కచోటైనా వైరస్ దొరక్కపోతే ప్రభుత్వం డబ్బు ఆపేస్తుంది. నీదే ఆఖరి షెడ్డు. ఇక నా ఉద్యోగం పోయినట్టే."

అన్నయ్య బకెట్టు కింద పెట్టాడు. కోళ్ల వైపు చాలాసేపు చూశాడు.

"ఆ మూల తోక ఊడినదాన్ని ఓసారి చూడవే. పొద్దుట్నుంచీ మేత ముట్టట్లేదు."

చెల్లెలు చూసింది. తోక ఊడిన కోడి తన మేత ముగించి, పక్కదాని మేత కూడా లాగిస్తోంది.