ఎడమ మలుపు

“తాళాలివ్వరా. మూడోసారి అడుగుతున్నాను.”

ఆవిడ ఇరవై ఎనిమిదేళ్లు అంబులెన్సు నడిపి రిటైరైన మనిషి. ఒకసారి సైరను పాడైతే గొంతుతోనే దారి చేసుకుందని తోటి డ్రైవర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ గొంతుకి ఎన్నో బళ్లు పక్కకి తప్పుకున్నాయిగానీ కన్నకొడుకు మాత్రం తప్పుకోలేదు. వ్యాను తాళాలు జేబులో వేసుకుని, కొత్తగా కొన్న వీడియోగేమ్ పెట్టెకి తీరిగ్గా వైర్లు తగిలిస్తున్నాడు.

“వ్యానుకి ఎడమవైపు ఆ గీత ఎలా పడిందమ్మా? గేటు స్తంభం నడిచొచ్చి గీసిందా?”

“నేను గియ్యలేదని వందసార్లు చెప్పాను.”

“గీసిన సంగతే నీకు గుర్తులేదు. నా భయమే అది.”

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. వీధిలో ముగ్గురు రోగులు వారానికి రెండుసార్లు ఆవిడ వ్యానులోనే ఆసుపత్రికి వెళతారు. రేపు పొద్దున్న ఏడింటికి గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తారు. ఉద్యోగం అయిపోయాక ఆవిడని మంచం మీంచి లేపుతున్నది ఆ పనొక్కటే.

“సరే, పందెం,” అన్నాడు కొడుకు. “ఇందులో కారు నడిపే ఆట ఉంది. మూడు ఛాన్సులిస్తాను. ఒక్కసారి ఎక్కడా తగలకుండా చివరిదాకా తీసుకెళ్లు, తాళాలు నీవే. లేకపోతే ఇంక వ్యాను ఊసెత్తకూడదు.”

“బొమ్మ కారుతో నాకు పరీక్ష పెడతావా? నీకు సైకిలు తొక్కడం నేర్పింది నేనురా.”

“భయమైతే వద్దులే.”

ఆ మాటతో ఆవిడ కుర్చీ టీవీ ముందుకి లాక్కుని కూర్చుంది.

“షాపువాడు రిమోట్లు రెండిచ్చాడుగానీ, బ్యాటరీలు ఒకదానికే ఇచ్చాడు పిసినారి,” అంటూ కొడుకు ఒక రిమోట్ ఆవిడ చేతిలో పెట్టాడు. “ఇది నొక్కితే పరుగు, ఇది బ్రేకు, ఈ పుల్ల తిప్పితే మలుపు.”

“గోడ గడియారం ఆగిపోయి నాలుగు రోజులైంది. ఆటలకైతే బ్యాటరీలు దొరుకుతాయి ఈ ఇంట్లో.”

“రేపు తెస్తాలేమ్మా.”

ఆవిడ వెనక మంచమ్మీద కోడలు ఒళ్లో బట్టల కుప్ప పెట్టుకుని మడతలు పెడుతోంది. “మొదలుపెట్టండి అత్తయ్యా,” అంది మెల్లగా.

కారు బాగానే బయల్దేరింది. వంతెన దాటింది. ఎడమ మలుపు దగ్గర ఆవిడ బ్రేకు నొక్కింది. కారు అదే వేగంతో పోయి గోడకి కొట్టుకుంది.

“నేను బ్రేకు వేశాను.”

“గుద్దిన ప్రతివాడూ చెప్పేది అదేనమ్మా.”

రెండోసారి వంతెన మీదనుంచే బ్రేకు పట్టుకుంది. మలుపులో సగం దూరం పోయాకగానీ కారు నెమ్మదించలేదు. ఎడమవైపంతా గోడకి ఒరుసుకుపోయింది.

“ఏం బండిరా ఇది? బ్రేకు వెయ్యాల్సినచోట పడదు, ఎడమకి తిప్పితే ఒరుసుకుపోతుంది. అచ్చం నీ పెళ్లాం నడిపినట్టే ఉంది.”

కోడలికి డ్రైవింగు నేర్పింది ఆవిడే, ఆ వ్యాను మీదే. ఎడమ మలుపు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల తిట్లు తింది. కొడుకు పగలబడి నవ్వాడు. కోడలు తల వంచుకుని చేతుల మీదికి తువ్వాలు సర్దుకుంది.

“నువ్వేం అనుకోకమ్మాయ్,” అంది ఆవిడ వెనక్కి తిరక్కుండానే. “నా కోపమంతా వీడి మీద.”

మూడోసారి కళ్లజోడు తుడుచుకుంది. అరచేతులు చీరకి అద్దుకుంది. మలుపు కనబడగానే వేలితోపాటు కుడికాలు కూడా నేలకి తొక్కిపట్టింది. కారు ఆగలేదు. పోయి దీపస్తంభాన్ని గుద్దింది. తెర ఎర్రబడింది.

ఆవిడ చాలాసేపు తన వేళ్లకేసి చూసుకుంది. కొడుకు మీద కోపం తిరిగి తిరిగి ఆ వేళ్ల మీదకే వచ్చింది. వాటిని విరిచెయ్యాలనిపించింది. రిమోట్ పక్కన పెట్టి ఫోను తీసింది.

“రేపటినుంచి నేను రాలేనండీ. మిగతా ఇద్దరికీ మీరే చెప్పండి, వేరే బండి చూసుకోండి. ఒంట్లో బాగానే ఉందండీ. చేతులే మాట వినడంలేదు.”

కొడుకు తాళాలు జేబులోనే తడుముకుంటూ బయటికి వెళ్లిపోయాడు. కోడలు బట్టల కుప్పని రెండు చేతులా గుండెకి అదుముకుని, అత్తగారి మొహం చూడకుండా లోపలికి పోయింది.

గదిలో తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు, చచ్చిన గడియారం తప్ప. దాన్నైనా నడిపిద్దామనుకుని ఆవిడ కుర్చీ ఎక్కి గోడ మీంచి దింపింది. ఇంక తను ఎలాగూ ఆడబోని ఆ రిమోట్ అందుకుని, తిరగేసి, వెనక మూత లాగింది.

లోపల బ్యాటరీలు లేవు.