కదలడానికి ఒక గడి

"ఊరికే కూర్చోవడానికి ఇది సత్రం కాదండీ," అంది అక్క, చేతిలో కత్తెర ఆపకుండానే.

"ఊరికే కాదమ్మా. కోటు లోపలి అస్తరు చిరిగింది," అన్నాడు బల్ల మీద కూర్చున్న పెద్దాయన.

"నేను కత్తిరించేదాన్ని. కుట్టేది మా చెల్లెలు. ఇప్పుడు కుట్టట్లేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉంది. పొగరే తగ్గలేదు."

పెద్దాయన షాపంతా కలయజూశాడు. కత్తిరించిన గుడ్డలు కుప్పలుగా పడి ఉన్నాయి. కుట్టినది ఒక్కటీ లేదు.

ముందు గది అక్కది, మిషన్లున్న వెనక గది చెల్లెలిది. మధ్య తలుపుకి ఇటో గడియ, అటో గడియ.

ఒకరోజు ఎవరి గౌనో బిగుతైంది. "కత్తిరింపు సరిగ్గానే ఉంది, కుట్టే చెడింది," అనేసింది అక్క, వచ్చినావిడ ముందే. చెల్లెలు లేచి వెళ్ళి అటు గడియ పెట్టుకుంది. నేనేమైనా తక్కువా అని అక్క ఇటు గడియ పెట్టింది.

అంతే. అప్పట్నుంచీ ఉప్పూ నిప్పూ.

ఇద్దరూ ఒప్పుకున్నది ఒక్కదానికే. షాపు అమ్మేయడానికి. బ్రోకరు కొనే పార్టీని చూశాడు. మాట ఖాయం చేసుకోవడానికి రేపే వస్తానన్నాడు.

"సరే ఇవ్వండి, చేత్తో నాలుగు కుట్లు వేస్తాను," అంది అక్క విసుగ్గా.

పెద్దాయన కోటు విప్పి ఇచ్చి, సంచిలోంచి చిన్న చదరంగం తీసి పరిచాడు.

"మీకు వచ్చా?"

"నాన్న నేర్పాడు," అంది అక్క. సూది గుచ్చుతూనే ఓ బంటుని జరిపింది.

కాసేపటికి ఆయన పక్షాన ఒంటి రాజు మిగిలాడు. అక్క దగ్గర మంత్రి, రెండు ఏనుగులు.

అక్కకి హుషారొచ్చింది. అటు పోకుండా ఓ ఏనుగు, ఇటు పోకుండా ఇంకోటి. చివరికి మంత్రిని తెచ్చి దించింది.

"ఇప్పుడెక్కడికి పోతారు?"

"ఎక్కడికీ పోలేను. చెక్ చెప్పారా?"

అక్క బోర్డు కేసి చూసింది. మొహం పాలిపోయింది. "లేదు."

"చెక్ లేదు, నాకు కదిలే గడీ లేదు. స్టేల్‌మేట్. ఆట సమం."

"గెలిచే ఆటండీ ఇది!"

"గెలిచే ఆటే. కానీ అన్ని దారులూ మూసేశారు. దారి లేనివాడు ఓడిపోడమ్మా, అలా బిగుసుకుని కూర్చుంటాడు. వాడితో పాటు మీరూ కూర్చోవాలి."

ఆయన కోటు తొడుక్కుని అస్తరు తడిమి చూసుకున్నాడు. "బాగా కుట్టారు."

"మా చెల్లెలైతే ఇంకా బాగా కుట్టేది," అనేసి నాలిక్కరుచుకుంది అక్క.

విననట్టే మెట్లు దిగిపోయాడాయన.

అక్కకి పని సాగలేదు. తను చెల్లెలికి పెట్టిన షరతేమిటి? నలుగురి ముందూ వచ్చి తప్పు ఒప్పుకోవాలని. తను ఆ చోట ఉంటే ఒప్పుకునేదా? చచ్చినా ఒప్పుకునేది కాదు.

లేచి ఇటు గడియ తీసింది. తలుపు కదల్లేదు. అటు గడియ అలాగే ఉంది.

"ఏమే..."

అక్క తలుపు తట్టింది.

తప్పు నాదే అందామనుకుంది. బల్ల మీదున్న కాలర్ అందుకుంది.

"ఈ కాలర్ నిలబడట్లేదే. మూడుసార్లు విప్పాను. నీ చెయ్యి పడితే గానీ కుదిరేలా లేదు."

అటు నుంచి అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చింది.

"ఏ కాలర్?"

"గుండ్రంది."

"అంచుకి గాట్లు పెట్టావా?"

గుండ్రటి కాలర్‌కి గాట్లు పెట్టాలని తెలియని దర్జీ ఉండదు.

"పెట్టలేదు," అంది అక్క.

అటు గడియ చప్పుడైంది. "పెట్టకపోతే ఎలా నిలబడుతుంది? ఇలా తే."

చెల్లెలు కాలర్ అందుకుని తిరగేసింది. అంచు పొడవునా గాట్లు ముచ్చటగా పెట్టి ఉన్నాయి.

తలెత్తి అక్క కేసి చూసింది. అక్క కిటికీ కేసి చూసింది.

ముందు నవ్వింది చెల్లెలే. ఆ నవ్వు ఏడుపయ్యేసరికి అక్క చేతులు చాపింది. ఆ సాయంత్రం వెనక గదిలో మిషన్లు మోగాయి.

"ఎవరే ఆ పెద్దాయన? మళ్ళీ వస్తే నాకూ చూపించు," అంది చెల్లెలు, జరిగిందంతా విని.

"ఊరూ పేరూ అడగనేలేదు. పైగా సత్రం కాదన్నాను," అంది అక్క.

మర్నాడు బ్రోకరు వచ్చాడు. తిడతాడేమోనని ఇద్దరూ ఒకరినొకరు ముందుకి తోసుకున్నారు. అక్కే ధైర్యం చేసింది.

"ఏమనుకోకండి. మేం అమ్మట్లేదు."

"మీరేం చెప్పక్కర్లేదమ్మా, పార్టీయే వద్దనేశాడు," అంటూ బ్రోకరు బల్ల మీద కూలబడ్డాడు.

ఇద్దరికీ నెత్తి మీంచి కొండ దించినట్టైంది.

"కొడుకు చేత మందుల షాపు పెట్టించాలి, ఈ వీధిలోనే కావాలని నా చెప్పులు అరగదీశాడు. తీరా దొరికాక, 'అక్కడ అమ్మేవాళ్ళెవరూ లేరయ్యా, ఇంకోటి చూడు' అంటాడు!"

"చూడకుండానే ఎలా వద్దన్నాడండీ?" అడిగింది చెల్లెలు.

"చూడకపోవడమేమిటమ్మా, నిన్న మీ అక్క ఎదురుగా కూర్చుని చదరంగం ఆడింది ఆయనేగా!"