ఇద్దరికే తెలిసిన అబద్ధం

ఫేక్ వీడియోల గుట్టు రట్టు చేయడం అతని ఉద్యోగం. ఆ రాత్రి ఏడింటిని పట్టేసి, ఖాళీ ఆఫీసులో తృప్తిగా కాళ్లు చాపుకుని భార్యకు ఫోన్ చేశాడు.

"బయల్దేరుతున్నానోయ్."

అవతల ఫ్యాను చప్పుడు వినిపించింది.

"మన పెళ్లికి వాన పడిందా?" అంది ఆమె, మెల్లగా.

గొంతులకు కూడా నకళ్లు పుడుతున్నాయని ఇద్దరూ అనుకుని పెట్టుకున్న ప్రశ్న అది. జవాబు కావాలని పెట్టుకున్న అబద్ధం. నిజమైతే పెళ్లి ఫోటోలు చూసి ఎవడైనా చెప్పేస్తాడు.

"టెంటే ఎగిరిపోయింది!" అన్నాడు నవ్వుతూ.

ఆమె గొంతు ఇంకా తగ్గింది.

"ఇందాక తలుపు తీసేముందు అడిగితే, లోపల పడుకున్నాయన కూడా ఇదే చెప్పారండీ. ఇలాగే నవ్వుతూ."