ముంగిస వైద్యుడు గీయని గీత

అడవి దారి మలుపులో ఒక నున్నటి బండ ఉండేది. వైద్యుల మంచిచెడ్డలు రోగులు దానిమీద గీకాలని జంతువులన్నీ తీర్మానించుకున్నాయి.

ఒకరోజు నక్క వచ్చి, "ముంగిస వైద్యుడు మందివ్వకుండా తరిమేశాడు" అని గీకిపోయింది. నిజానికి నక్క ఇప్పపూల మత్తుకు బానిసైంది. అది మానితేగానీ ఏ మందూ పనిచేయదని ముంగిస చెప్పింది, అంతే.

ఆ తర్వాత ముంగిస గుమ్మం ఎవరూ తొక్కలేదు. లేడిపిల్లకు దగ్గు తగ్గిందో లేదో, ముసలి తాబేలు మెడ తిప్పగలుగుతోందో లేదో అనుకుంటూ అది పొద్దస్తమానం దారివైపే చూసేది.

"అసలు సంగతి మీరూ గీకెయ్యరాదుటండీ?" అంది భార్య.

"నోటిదాకా వస్తోందే. కానీ అది నక్క నన్ను నమ్మి చెప్పుకున్న మాట."

తొలకరి పడ్డాక ఒక కుందేలు వచ్చింది. ముంగిస గబుక్కున లేచి, అంతలోనే వెనక్కి తగ్గి, "బండమీద రాసింది చూశావా తల్లీ?" అని అడిగింది.

"చూశానండీ. మీ జవాబు కోసం రోజూ వెళ్లి చూశాను. నక్క గురించి మీరొక్క గీతైనా గీయలేదు. అందుకే వచ్చాను." కుందేలు చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నాకో జబ్బుందండీ. మా ఇంట్లో కూడా తెలియదు."

"లోపలికి రా తల్లీ," అంది ముంగిస.