గని కప్పు ఎందుకు కూలుతుంది?

పొతోసి కొండల్లోని ఆ తగరం గని ముందు నలభై మంది పనివాళ్లు హెల్మెట్లు నేలమీద పెట్టి కూర్చున్నారు.

కొత్త ఇంజినీరు నైరా లోపలికి వెళితే తాము పనిలోకి దిగేది లేదన్నారు.

"ఆడమనిషి అడుగుపెడితే భూమితల్లి ఓర్వదమ్మా" అన్నాడు మేస్త్రీ సెవెరినో, బుగ్గన కోకా ఆకు నొక్కుకుంటూ. "ముప్పై ఏళ్ల కిందట ఒకావిడ వెళ్లింది. కప్పు కూలింది. పదకొండు శవాల్ని మట్టిలోంచి తీశాం."

"కప్పుకి ఆనించిన దుంగలు చూడకుండా గని భద్రమని నేను సంతకం పెట్టను."

"అయితే సాయంత్రం బస్సుకి వెళ్లిపోండి. మగ ఇంజినీర్ని పంపిస్తారు."

"వంటకైతే ఉండమను మేస్త్రీ" అన్నాడు వెనకనుంచి ఒకడు. అందరూ నవ్వారు.

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే బాపతు అనుకుంది నైరా. ఈ ఒక్క ఉద్యోగం కోసం మూడేళ్లు తిరిగింది. ఏడుపు ఆపుకుంటూ పక్కకు వెళ్లింది.

అక్కడ బండమీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పొద్దున తనతోపాటే బస్సు దిగిన మనిషి.

"ఇంజినీరువి నువ్వేనా బిడ్డా?"

"నేనే. నువ్వూ వద్దని చెప్పడానికే వచ్చావా అవ్వా?"

"కాదు. ఒకటి అడుగుదామని. కప్పు ఎందుకు కూలుతుంది?"

నైరాకి చిరాకేసింది. "నీళ్లు ఊరి రాయి నానితే కూలుతుంది. దుంగలు పుచ్చిపోతే కూలుతుంది. ఆడదాని కాలు తగిలితే కాదు."

"నిజంగానా?"

"లెక్క వేసి చూపించమంటావా?"

"వద్దు. ఇంకోసారి చెప్పు చాలు."

"కాలు తగిలితే కూలదు" అని విసురుగా చెప్పి, నైరా పెట్టె సర్దుకోవడానికి వెళ్లిపోయింది. కోపంలో ఉన్నవాళ్లకి ఎదుటివాళ్ల మొహం కనిపించదు.

ముసలామె లేచి పనివాళ్ల దగ్గరికి నడిచింది. ఏం చెప్పిందో నైరాకి వినపడలేదు. కాసేపటికి ఒక్కొక్కరే హెల్మెట్లు తీసుకున్నారు.

"రండమ్మా" అన్నాడు సెవెరినో.

లోపల మూడో మలుపు దగ్గర రెండు దుంగలు పుచ్చి ఉన్నాయి. నైరా దగ్గరుండి మార్పించింది. బయటికొచ్చేసరికి సాయంత్రం బస్సు వెళ్లిపోయింది.

"ఆ అవ్వ ఏది మేస్త్రీ? పాపం, ఊరికే కసురుకున్నాను."

"వెళ్లిపోయిందమ్మా. ఇంజినీరుగా ఒక ఆడపిల్ల వస్తోందని విని, అంత దూరంనుంచి వచ్చింది."

"మీతో ఏం చెప్పింది?"

సెవెరినో హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"'కప్పు కూలింది నా వల్ల కాదంట, చదువుకున్న పిల్ల చెప్పింది' అని ఒకటే ఏడుపు. ఆ రోజు మొగుడికి వేడి సూపు గిన్నె పట్టుకుని లోపలికెళ్లింది ఆవిడేనమ్మా."